మనవాడి పేరు ఏ పద్దులో?

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పందెం ఓడిపోయాను. 2023 మార్చి 13, సోమవారం ఉదయం, శాలిబండలో మేము రోజూ కూర్చొనే ఇరానీ హోటల్లో, పదిమంది ఎదుట ఓడిపోయాను. ఆ పందెం తాలూకు బాకీ, అంటే నెలరోజులపాటు ఒక వృద్ధ ఉర్దూ మాస్టారికి ఉదయపు చాయ్, దానితో రెండు ఉస్మానియా బిస్కెట్లు, పైసలతో సహా తీర్చేశాను. తీరనిది ఆ ఉదయం ఆయన అడిగిన ప్రశ్న. దానికి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు గానీ, ఎందుకు లేదో మాత్రం కొంత తెలిసింది. ఆ తెలిసిన కొంతా మీ ముందు పెడదామని ఈ ప్రయత్నం.

పందెం దేనిమీదో మీరీపాటికి ఊహించే ఉంటారు. తొంభై అయిదవ ఆస్కార్ బహుమతులలో ఉత్తమ ఒరిజినల్ సాంగ్, అనగా సినిమాకోసమే కొత్తగా కట్టిన పాట, ఏది కాబోతున్నది అని. జనవరి 24న తుది అయిదు పాటల పేర్లు ప్రకటించిన నాటినుంచి మా బల్లమీద వేరే చర్చ లేదు. అంతకుముందు మా వాళ్ళకు ఆస్కార్ అంటే ఎక్కడో జరిగే పెద్దింటి పెళ్ళి. పిలుపు లేదు, పంక్తిలో కూర్చొనేదీ లేదు. ఈసారి మటుకు పెళ్ళికొడుకు తరఫు బంధువులమైపోయాము. కారణం మీకు తెలిసిందే. "నాటు నాటు" పాట వ్రాసినది చంద్రబోస్, కట్టినది కీరవాణి, ఆడించినది ప్రేమ్ రక్షిత్, ఆడినది ఇద్దరు పెద్ద హీరోలు. ఇవేవీ మా బల్లకు ముఖ్యం కాదు. కాలభైరవతో కలిసి ఆ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్ మంగళ్‌హాట్ పిల్లవాడు. తండ్రిగారి క్షౌరశాలలో పనిచేస్తూ పాట నేర్చుకున్నవాడు. మావాడు.

మావాడా, కాదా అన్నదానిమీద కూడా ఒక రోజంతా వాదన నడిచింది. ఇది పిడకల వేటే అయినా చెప్పకుండా ఉండలేను. మా మాస్టారు చాదస్తం మనిషి. ఆయన లెక్కలో అసలు షహర్ అంటే మూసీకి ఇవతల, పాత కోటగోడ లోపల ఉన్నది మాత్రమే. మంగళ్‌హాట్, ధూల్‌పేట పురానాపూల్ దాటాక అవతలి ఒడ్డున ఉంటాయి. "వో తో నదీ కే ఉస్ పార్ హై మియా, పాతబస్తీ మే కైకు గిన్‌తే?" అన్నారాయన. పురానాపూల్ కట్టి నాలుగువందల ఏళ్ళు దాటింది, ఆ మాత్రం రాకపోకలకు గుర్తింపు ఇవ్వరా అని మా లాల్‌దర్వాజా వాళ్ళం ఎదురుతిరిగాము. చివరకు గల్లామీద కూర్చున్న హోటలాయన తీర్పు చెప్పాడు: గెలిస్తే పాతబస్తీ, ఓడితే మంగళ్‌హాట్. అందరికీ నచ్చిన తీర్పు ఇదొక్కటే.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇంతమంది అభిమానుల మధ్య నేనొక్కణ్ణే "గెలవదు" అని ఎందుకన్నాను? దుర్మార్గంతో కాదు. లెక్కతో. లెక్క తెలిసినవాడికి పట్టే గతి ఏమిటో మీకందరికీ ఇలాగైనా తెలియాలి.

ఆస్కార్‌లో పాటలను ఎంచే తీరు రెండు అంచెలుగా ఉంటుంది. మొదటి అంచెలో సంగీత శాఖకు చెందిన సభ్యులు పదిహేను పాటల జాబితా తయారు చేస్తారు, ఆ పదిహేనింటిలోంచి అయిదింటిని నిలబెడతారు. రెండవ అంచెలో సంగీతంతో ఏ సంబంధమూ లేని వారితో సహా అకాడమీ సభ్యులందరూ, తొమ్మిదివేలకు పైబడినవారు, ఓటు వేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రమే ఒకటి, రెండు, మూడు అంటూ వరుసక్రమంలో ఇష్టాన్ని తెలిపే ఓటింగు పద్ధతి. పాటకు అది లేదు. ఎవరికి ఎక్కువ వస్తే వారిదే. అయిదుగురి పోటీలో ఓట్లు బాగా చీలితే నూటికి ఇరవై ఒక్క ఓట్లతోనైనా గెలవవచ్చు. మన మునిసిపల్ ఎన్నికలలాంటిదన్నమాట.

పోటీలో ఉన్నవారు సామాన్యులు కారు. "టాప్ గన్: మావెరిక్"లో లేడీ గాగా పాట. 2019లో ఇదే విభాగంలో ఆమె ఒకసారి గెలిచి ఉంది. "బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్"లో రిహానా పాట, అకాలమరణం పొందిన నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు నివాళిగా కట్టినది. డయాన్ వారెన్ వ్రాసిన "అప్లాజ్". ఆమెకు అది పద్నాలుగవ నామినేషన్, అంతవరకు ఒక్కసారీ పోటీలో గెలవలేదు. అంతకుముందు నవంబరులోనే గౌరవ ఆస్కార్ ఇచ్చి ఓదార్చారు. ఇహ అయిదవది ఆ సంవత్సరపు అభిమాన చిత్రం "ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్"లోనిది. గాలి ఆ సినిమావైపు వీస్తోందని అప్పటికే తెలుస్తూ ఉంది. ఆ రాత్రి అది ఏడు బహుమతులు ఊడ్చుకుపోయింది.

జనవరిలో గోల్డెన్ గ్లోబ్ "నాటు నాటు"కే వచ్చింది, ఆ వారంలోనే క్రిటిక్స్ ఛాయిస్ కూడా వచ్చింది, ఇంక సందేహమేమిటి అన్నారు మావాళ్ళు. గోల్డెన్ గ్లోబ్‌ను నమ్మరాదని 2021ని సాక్ష్యానికి పిలిచాను. ఆ ఏడు గోల్డెన్ గ్లోబ్ గెలిచిన ఇటాలియన్ పాట ఆస్కార్‌లో ఓడిపోయింది. పైగా ఆంగ్లేతర భాషా గీతాలు ఆ బహుమతిని గెలిచిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2005లో ఒక స్పానిష్ పాట, 2009లో రెహమాన్, గుల్జార్‌ల "జయహో". ఆ "జయహో" సినిమా కూడా తీసినది ఇంగ్లండువారు. వీటన్నిటినీ కూడి తీసివేసి, శోకం ఉన్న చోటే ఓటు ఉంటుందన్న నా పాత సిద్ధాంతం ప్రకారం రిహానా పాట గెలుస్తుందని ప్రకటించాను. మాస్టారు లెక్కలేవీ చెయ్యలేదు. "హమారా పోట్టా గాయా, జీత్‌తా" అన్నారు. మావాడు పాడాడు, గెలుస్తాడు. పందెం కుదిరింది.

ఆ ఉదయం సంగతి మీకు తెలుసు. దీపికా పదుకొణె వచ్చి పరిచయం చేయటం, రాహుల్, కాలభైరవ వేదికపై నిలబడి పాడటం, సభ మొత్తం లేచి నిలబడటం. (ఆ వేదికమీద నర్తించినవారిలో మన ఉపఖండపు వారు లేరన్న గొడవ తర్వాత రేగింది. న్యాయమైన గొడవే, కానీ దాని జోలికి ఇప్పుడు పోను.) కాసేపటికి బహుమతి ప్రకటన. కీరవాణి కార్పెంటర్స్ బాణీలో తన మాటలు పాడటం, చంద్రబోస్ "నమస్తే" అనటం. హోటల్లో గోల. ఎవడో నా వీపుమీద చరిచాడు, ఓడినవాడి వీపు అందరిదీ కదా. పురానాపూల్ ఆ ఒక్క ఉదయం ఏ నదిమీదా లేదు. మంగళ్‌హాట్ చార్మినార్ పక్కకు వచ్చి నిలబడింది.

నేనెక్కడ తప్పాను? ఈ ప్రశ్నకు సమాధానం దొరకటానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పోటీలో ఉన్న మిగిలిన నాలుగూ ప్రధానంగా సినిమా ముగిశాక పేర్లు పైకి పాకుతున్నప్పుడు వినిపించే పాటలు. అప్పటికి ప్రేక్షకుడు కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. "నాటు నాటు" ఒక్కటే కథ నడుమ జరిగే ఘట్టం. అవమానించిన దొరబాబు ముందు ఇద్దరు స్నేహితులు తొడగొట్టే సన్నివేశం. కీవ్ నగరంలో ఉక్రెయిన్ అధ్యక్షభవనం ఎదుట 2021లో చిత్రించినది. ఓటు వేసే తొమ్మిదివేల మందిలో చాలామందికి సంగీతజ్ఞానం ఉండదు, కానీ కళ్ళుంటాయి. వారు పాటను విని కాదు, చూసి ఓటు వేశారు. 2022 సెప్టెంబరు చివర హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్లో ఆ పాటకు జనం తెర ముందుకు పోయి ఆడినప్పుడే నాకు బుద్ధి రావలసింది. మనం మన సినిమాల్లో పాటలెందుకని డెబ్భై ఏళ్ళుగా సిగ్గుపడుతూ ఉన్నాము. ఆ పాటను కథలో నిలిపే పద్ధతే అక్కడ గెలిపించింది. భాష అడ్డమవుతుందని లెక్క వేసిన నేను ఆ సంగతి మరచిపోయాను.

అంతవరకు బాగానే ఉంది. గోల సద్దుమణిగాక మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని టీవీవైపు మళ్ళీ చూశారు. తెరమీద ఇద్దరి చేతుల్లో రెండు బంగారు బొమ్మలు. "యే దోనోఁ కౌన్?" ఒకరు బాణీ కట్టినవారు, మరొకరు వ్రాసినవారు అని చెప్పాను. ఆయన ఇంకొంతసేపు చూశారు, మూడవవాడు ఎవరైనా వస్తాడేమోనని. ఎవరూ రాలేదు. అప్పుడు అడిగారు:

"గాయా సో పోట్టే కు క్యా మిలా మియా?"

పాడిన పిల్లవాడికి ఏమి దక్కింది?

ఏమీ లేదు మాస్టర్ సాబ్, ఆ బహుమతి పాట చేసినవారికే, పాడినవారికి కాదు అన్నాను. ఆయన ముఖంలో కనిపించినది కోపం కాదు. నేను ఆయనను మోసం చేశానన్న అనుమానం. రెండు నెలలుగా ఆయన పందెం వేసినది ఎవరిమీదనో, ఆ మనిషి ఆ పోటీలోనే లేడు. నేను లెక్కలన్నీ చెప్పాను గానీ ఆ మాట చెప్పలేదు. నిజానికి నాకు తెలిసే చెప్పలేదా? కాదు. తెలిసినా తట్టలేదు. రిహానా గెలుస్తుందా, గాగా గెలుస్తుందా అని వాదించే ధోరణిలో, ఎవరెవరు గెలవటానికి వీలున్నదో, ఎవరికి వీలే లేదో చూడటం మానేశాను. నా అసలు ఓటమి అక్కడ ఉంది.

ఈ సంగతిమీద నా అభిప్రాయం ఏమంటే, బహుమతుల విషయంలో మనం వాదించవలసిన మొదటి విషయం విజేత కాదు, విభాగం. న్యాయనిర్ణేతలు కూర్చోకమునుపే విభాగాల పట్టిక ఒక తీర్పు ఇచ్చేసి ఉంటుంది. ఆ పట్టికలో పేరు లేని పనివాడు ఓడిపోడు, ఓడిపోవటానికైనా బరిలో నిలబడాలి కదా.

ఆస్కార్‌వారిమీద కేవలం నింద వెయ్యటం న్యాయం కాదు. ఆ విభాగం వారి ఆచారాన్నిబట్టి పుట్టింది. అక్కడ పాడేవారే చాలాసార్లు వ్రాసినవారిలో ఒకరు. ఆ ఏడు చూడండి. గాగా, రిహానా తమ పాటల రచనలో భాగస్వాములు. అయిదవ పాట పాడిన మిట్స్కీ, డేవిడ్ బర్న్ కూడా అంతే. పాడినవారు వేరు, వ్రాసినవారు వేరు అయిన పాటలు రెండే: "నాటు నాటు", డయాన్ వారెన్ పాట. మన సినిమాలలో నేపథ్యగానం ఒక ప్రత్యేకమైన వృత్తి. ఘంటసాల, సుశీల, బాలు అంటే మనకు వేరే వివరణ అక్కరలేదు. వారి దేశంలో ఆ వృత్తి చీకటిలో ఉండిపోయింది. "మై ఫెయిర్ లేడీ"లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు, "వెస్ట్ సైడ్ స్టోరీ"లో నటాలీ వుడ్‌కు గొంతు ఇచ్చిన మార్నీ నిక్సన్ పేరు ఎంతమందికి తెలుసు? నేపథ్యగాయని అన్న పద్దు లేని చోట ఆమె దొంగచాటు మనిషిలాగానే మిగిలిపోయింది.

ఇందాక 2005 నాటి స్పానిష్ పాట ప్రస్తావించాను. దాని కథ మనకు తలక్రిందులు. ఆ పాట వ్రాసి, కట్టి, సినిమాలో పాడినది ఉరుగ్వే దేశపు హోర్హే ద్రెక్స్లెర్. ఆస్కార్ వేదికమీద ఆయనను పాడనివ్వలేదు. ప్రసిద్ధుడు కావాలని నటుడు ఆంటోనియో బాందెరాస్ చేత పాడించారు, కార్లోస్ సాంటానా గిటార్ వాయించాడు. బహుమతి వచ్చాక ద్రెక్స్లెర్ వేదిక ఎక్కి, ఉపన్యాసానికి బదులు తన పాటలోని కొన్ని పంక్తులు వాద్యం లేకుండా పాడి దిగిపోయాడు. అక్కడ బహుమతి దక్కినవాడికి పాడే అవకాశం లేదు. మావాడికి పాడే అవకాశం ఉంది, బహుమతికి అవకాశం లేదు.

ఇహ మన దేశంలో ఈ గొడవ అరవై ఏళ్ళ క్రితమే వచ్చింది, దానిని తేల్చినది ఒక గాయని. 1957లో "చోరీ చోరీ" సినిమాకు ఫిలింఫేర్ సంగీత పురస్కారం శంకర్ జైకిషన్‌లకు వచ్చింది. సభలో "రసిక్ బల్మా" పాడమని లతా మంగేష్కర్‌ను అడిగారు. మీ బహుమతి బాణీకి గదా, మీ బాణీ మీరే వినిపించుకోండి, గాయకులకు బహుమతి లేని సభలో నేను పాడను అన్న ధోరణిలో ఆమె నిరాకరించింది. 1959లో గాయకుల విభాగం ఏర్పడింది, మొదటిసారి ఆమెకే వచ్చింది, "మధుమతి" పాటకు. జాతీయ పురస్కారాలలో గాయకుల విభాగం 1967 చిత్రాలనుంచి మొదలైంది. మరుసటి సంవత్సరపు చిత్రాలకు గాయనిగా మొట్టమొదటి జాతీయ పురస్కారం అందుకున్నది మన సుశీల, ఒక తమిళ చిత్రానికి.

లత కాదన్నది, రాహుల్ వెళ్ళి పాడాడు, కనుక రాహుల్‌ది తప్పు అని ఎవరైనా అంటారేమో. నేను అనను. అప్పటికే లత లేకుండా హిందీ సినిమా నడిచే వీలు లేదు. కాదనగలిగే బలం ఉన్నవారు కాదనాలి. "నాటు నాటు"ను తెలుగులోనే కాక హిందీ, తమిళ రూపాలలోనూ పాడిన పిల్లవాడు ప్రపంచం ఎదుట పాడే అవకాశాన్ని వదులుకోవాలని కోరటం దౌర్జన్యం. ఇది ఆయన ఫిర్యాదు కాదు, నాది, మా మాస్టారిది.

విభాగాలు దేవుడు గీసిన గీతలేమీ కావు. అకాడమీవారే 1935 నుంచి 1937 వరకు మూడేళ్ళపాటు నృత్య దర్శకత్వానికి బహుమతి ఇచ్చి ఎత్తేశారు. అది ఉండి ఉంటే ప్రేమ్ రక్షిత్ సంగతి ఏమయ్యేదో మీరే ఆలోచించండి. పాత్రలకు తగిన నటులను ఎంపిక చేసేవారికి 2025 చిత్రాల మొదలు కొత్త విభాగం పెట్టారు. స్టంట్లకు 2027 చిత్రాలనుంచి ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ ప్రకటనతో పెట్టిన బొమ్మల్లో "ఆర్ఆర్ఆర్" కూడా ఉంది. స్టంటువారు దానికోసం ఎన్నో ఏళ్ళు అడిగారు. గాయకులు ఇంకా అడగలేదు, అంతే తేడా.

సరే, పొరుగింటివారి పంక్తి సంగతి వదలండి. మన ఇంట్లో ఏమి జరిగింది? నాకు బాధ కలిగించినది ఇదే.

2023 ఆగస్టు 24న జాతీయ పురస్కారాలు ప్రకటించారు. 2021లో సెన్సారైన చిత్రాలకు గనుక 2022లో విడుదలైన "ఆర్ఆర్ఆర్" అందులోకి వచ్చింది, ఆరు బహుమతులు గెలుచుకుంది. ఉత్తమ గాయకుడు కాలభైరవ, "కొమురం భీముడో" పాటకు. ఉత్తమ నృత్యానికి ప్రేమ్ రక్షిత్, "నాటు నాటు"కే. చంద్రబోస్‌కు కూడా వచ్చింది, కానీ ఈ పాటకు కాదు, "కొండపొలం" పాటకు. ఇక్కడ గాయకుల విభాగం ఉంది, మావాడు ఓడిపోయాడు. ఓడిపోతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. సక్రమమైన ఓటమి అది.

రాష్ట్ర పురస్కారాల సంగతి వేరు. 1964 నుంచి వచ్చిన నంది పురస్కారాలు రాష్ట్రం విడిపోయాక తడబడుతూ నడిచాయి. 2014, 15, 16 సంవత్సరాల విజేతలను 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు, ఆ తర్వాత బండి ఆగిపోయింది. తెలంగాణలో 2024 జనవరిలో గద్దర్ పేరిట పురస్కారాలు ప్రకటించి, 2025 జూన్ 14న హైటెక్స్‌లో అందజేశారు. మంచి పని, గద్దర్ పేరు పెట్టటం మరింత మంచి పని. 2024 చిత్రాలకు నటులనూ గాయకులనూ గేయకర్తలనూ అందరినీ ఎంచారు. కానీ 2014 జూన్ నుంచి 2023 దాకా గడిచిన కాలానికి ఏడాదివారీగా ఉత్తమ చిత్రాలను మాత్రమే ఎంచారు. 2022కు "ఆర్ఆర్ఆర్" ఉత్తమ చిత్రమైంది. ఆ ఏడు పాడినవాడు, వ్రాసినవాడు, కెమెరా పట్టినవాడు ఎవరూ లెక్కలోకి రాలేదు. అంటే, లాస్ ఏంజిలిస్‌లో లేని పద్దు నాంపల్లి దాటివచ్చాక కూడా దొరకలేదు.

ఆ ఖాళీ ప్రభుత్వానికీ తెలిసింది కాబోలు. 2025 జులైలో పాతబస్తీ బోనాల సందర్భంగా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రాహుల్‌కు కోటి రూపాయలు ప్రకటించారు. పార్టీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు పదిలక్షలు ప్రకటించి, అధికారంలోకి వస్తే కోటి ఇస్తామన్న మాట నిలబెట్టుకున్నారు. మా లాల్‌దర్వాజాలో ఆ రోజు పోతరాజులకంటే ఈ వార్తే ఎక్కువ గంతులు వేసింది. డబ్బు చేదని ఎవరంటారు? ఆ ఇంటినుంచి వచ్చినవాడికి అది న్యాయంగా చేరవలసినదే.

అయితే అది ఈనాము, పురస్కారం కాదు. ఈ తేడా మా బస్తీవారికి తెలిసినంతగా వేరెవరికీ తెలియదు. రాహుల్‌కు గజల్ నేర్పినవారు పండిత్ విఠల్ రావు. ఏడవ నిజాం రెండవ కుమారుడు ప్రిన్స్ మొఅజ్జం జా కొలువులో పాడిన మనిషి. 2015లో పోయారు. ఆ కొలువులో పాట ప్రభువుకు నచ్చితే ఈనాము దొరికేది. నచ్చటానికి కారణం చెప్పనక్కరలేదు, ఇంకొకరి పాటతో పోల్చి చూడనక్కరలేదు, ఇవ్వకపోతే అడిగే వీలూ లేదు. పురస్కారం అలా కాదు. అక్కడ పదిమంది కూర్చుని ఈ పాట ఆ పాటకంటే ఎందుకు మేలో చర్చించాలి, పేరు ప్రకటించాలి, జనం దానిని తప్పుపట్టాలి. గురువుగారి కాలంనుంచి శిష్యుడి కాలానికి మనం కొలువుకు కొంత దూరం జరిగామనుకున్నాను. ఎంత జరిగామో ఆ పూట అర్థమైంది.

నా కోరిక చిన్నది. ఆ పదేళ్ళకు సినిమాలను ఎంచగలిగినవారు గాయకులనూ సాంకేతిక నిపుణులనూ కూడా ఎంచవచ్చు. "పదేళ్ళనాటి చద్దన్నం ఎవరు తింటారండీ" అని మా బావమరిది ఎద్దేవా చేశాడు. సినిమాకు చద్దన్నం కానిది గాయకుడికి ఎలా అవుతుంది నాయనా అన్నాను. బదులు చెప్పలేదు. ఆ కాలంలో ఒక్క రాహుల్ మాత్రమే పాడలేదు. పేరు కూడా గుర్తురాని ఎందరో పాడారు, వారికి కోటి రూపాయలు ప్రకటించే బోనాలు ఏ ఏడూ రావు.

అలా ఎంచితే 2022కు ఉత్తమ గాయకుడు ఎవరవుతారు? చూశారా, మళ్ళీ జోస్యానికే వచ్చాను, కుక్కతోక సామెత ఊరికే పుట్టలేదు. "నాటు నాటు"కు రాహుల్, కాలభైరవ జంటగా నిలబడాలి. "కొమురం భీముడో"కు కాలభైరవ ఒంటరిగా. "సర్కారువారి పాట"లో "కళావతి"కి సిద్ శ్రీరామ్. "డీజే టిల్లు" పాటకు రామ్ మిరియాల. జ్యూరీలకు ఒక బలహీనత ఉంది. ఆడించే పాటకంటే ఏడిపించే పాటకు బరువు ఎక్కువ అనుకుంటారు. కనుక "కొమురం భీముడో" గెలుస్తుంది. బలహీనత అన్నాను గానీ, నన్ను జ్యూరీలో కూర్చోబెట్టినా దానికే వేస్తాను. కొరడాదెబ్బల మధ్య ఆ గొంతు వంగకుండా నిలబడిన తీరు నన్ను ఇప్పటికీ వదలలేదు. "నాటు నాటు"లో ఊపిరి తీసుకునే చోటు లేని వేగంలో ప్రతి మాటా పల్లెటూరి యాసతో స్పష్టంగా పలకటం సామాన్యమైన పని కాదని తెలిసీ వేస్తాను.

ఇదే మాట మొన్న హోటల్లో అన్నాను. మాస్టారు చాయ్ సాసరులో పోసుకుంటూ తల అడ్డంగా ఆడించారు. "నక్కో మియా. రోనే కా గానా సబ్ గాతే. నచానే వాలా గాకే దిఖావ్." ఏడుపు పాట అందరూ పాడతారు, ఆడించే పాట పాడి చూపించు. వాదన గంటసేపు నడిచింది. పక్కబల్లవారు రెండు జట్లయ్యారు. పాత షరతుమీదే కొత్త పందెం కుదిరింది: ఆయన రాహుల్‌మీద, నేను "కొమురం భీముడో"మీద, నెలరోజుల చాయ్, రోజుకు రెండు బిస్కెట్లు.

పద్దు పుస్తకంలో వ్రాయమని గల్లా దగ్గరకు వెళ్ళాము. ఆయన పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, పందెం ఏ రోజు తేలుతుందని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

"తారీఖ్ బోలో, లిఖ్ లేతౌ" అన్నాడాయన, పుస్తకం మూస్తూ.